రోడ్డు అవతలి ప్రమోదక్క

మూడేళ్లపాటు ఛాయాదేవి గారు రోజూ సాయంత్రం రోడ్డు ఇవతల నిలబడి, రోడ్డు అవతల నిలబడిన ప్రమోద గారితో ఫోన్‌లో మాట్లాడారు. ఇద్దరూ ఒకరికొకరు కనిపిస్తూనే ఉండేవారు. మధ్యలో ఉన్నది నాలుగు వరసల రోడ్డు, దాని నడుమ మోకాలెత్తు డివైడర్, ఆగకుండా పోయే కార్లు.

"అక్కా, ఆ నీలం స్వెట్టర్ ఎప్పుడు కొన్నావు?"

"నీలంది కాదే, నల్లది. నీ కండ్లు ఎటువొయినయ్?"

"దగ్గరికొచ్చి చూస్తే చెప్పేదాన్ని."

"రా మరి, ఎగిరి రా... ఆగాగు, ఆ ట్రక్కోడు పోనీ. ఆఁ, ఇప్పుడు చెప్పు."

ఇదివరకు అది రెండు వరసల రోడ్డే. ఛాయాదేవి గారుండే సబ్‌డివిజన్, అంటే కాలనీ, గేటు దగ్గర జీబ్రా క్రాసింగ్ ఉండేది, ఒక పసుపుపచ్చ లైటు మిణుకుమిణుకుమంటూ ఉండేది. ఆవిడ దాటి వెళ్లేవారు. ప్రమోద గారు గరాజ్ దగ్గరే ఎదురుచూస్తూ ఉండేవారు. ఇద్దరూ ఆ ఇంటి వెనకున్న చెరువు చుట్టూ నడిచేవారు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు జీబ్రా క్రాసింగ్ తీసేశారు. ఎందుకు తీసేశారో ఎవరూ చెప్పలేదు. తీసేస్తున్నామని కూడా చెప్పలేదు. ఒక రోజు గీతలు లేవు, లైటు లేదు, అంతే. దాటాలంటే ముప్పావు మైలు అవతలున్న సిగ్నల్ దాకా గడ్డిలో నడిచి వెళ్లి, మళ్లీ అంత దూరం వెనక్కి రావాలి. దారిలో నడవడానికి సైడ్‌వాక్ లేదు. చలికాలంలో, మంచు తోసే బండ్లు రోడ్డు మీది మంచునంతా ఆ గడ్డి మీదికే తోస్తాయి.

ఛాయాదేవి గారికి డెబ్బై ఆరు. చూపు మందగించడంతో డ్రైవింగ్ మానేశారు. ఆవిడ ఎవరినీ ఏమీ అనలేదు. "ఇన్ని కార్లు పోయే రోడ్డు. ఇద్దరు ముసలమ్మల కోసం ఆపుతారా?" అని సర్దుకున్నారు.

ఆ సర్దుకోవడం గురించే ఈ నాలుగు మాటలు.

ఛాయాదేవి గారిది తెనాలి. పెళ్లయిన కొత్తలో భర్త చక్రపాణి గారితో షికాగో వచ్చి, ఒక ఆసుపత్రి లాబ్‌లో ముప్పై ఏళ్లు మైక్రోబయాలజిస్టుగా పనిచేశారు. చక్రపాణి గారు పోయాక షికాగో పక్కనున్న అరోరాలో కొడుకు నీరజ్ దగ్గర ఉంటున్నారు. ప్రమోద గారిది హనుమకొండ. ఆవిడ భర్త డాక్టరు, ఆయనా పోయారు. కూతురు మృదుల ఎక్కడో పడమటి తీరాన రెడ్‌మండ్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. ప్రమోద గారు మాత్రం అరోరా ఇల్లు వదల్లేదు. ఆ ఇంటి బేస్‌మెంట్‌లో ఆవిడ రెండు తరాల పిల్లలకి తెలుగు అక్షరాలు దిద్దించారు. ఆ పిల్లలు ఇప్పుడు ఎక్కడెక్కడో ఉద్యోగాలు చేస్తున్నారు. "ళ" రాయడం రాకపోతే ఆవిడ పెట్టిన మొట్టికాయ మాత్రం మరిచిపోలేదు.

ఇద్దరికీ యాసలోనూ వంటలోనూ పోట్లాట. "తెలంగాణలో వంకాయ కూర వండడం రాదు" అని ఈవిడ, "మీ గుంటూరోళ్లకు కారం తప్ప రుచి తెల్వది" అని ఆవిడ. నడిచేటప్పుడు ప్రమోద గారు ఈవిడ మోచెయ్యి పట్టుకునేవారు. కంటికి ఆనని మెట్టు వస్తే కొంచెం నొక్కేవారు. చాలాసార్లు ఏమీ మాట్లాడుకునేవారు కాదు. చెరువు చుట్టూ రెండు సార్లు తిరిగి, బాతుల్ని తిట్టి, ఎవరిళ్లకి వాళ్లు వచ్చేసేవారు.

ఫోన్‌లో అది కుదరదు. ఫోన్‌లో ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉండాలి. మాట ఆగితే, "ఉన్నావా?" అని అడగాల్సి వస్తుంది.

నీరజ్ ప్రయత్నించలేదని కాదు. ఒకసారి సిటీ ఆఫీస్‌కి ఫోన్ చేశాడు. అది మా రోడ్డు కాదన్నారు. అంతటితో వదిలేశాడు. "వీకెండ్ నేను డ్రైవ్ చేసి దింపుతాలే అమ్మా" అన్నాడు. వీకెండ్ పిల్లల సాకర్ ఉండేది, కాస్ట్‌కో షాపింగ్ ఉండేది, ఎవరిదో బర్త్‌డే ఉండేది. అవతలి గట్టుకి వెళ్లడానికి కారు అపాయింట్‌మెంట్ దొరకడం నెలకి ఒకసారి.

ఇక్కడ ఆగి ఒక మాట సూటిగా అనాలి. హైదరాబాద్‌లో ఏ శాఖ ఏ మంత్రి చూస్తున్నారో, అమరావతిలో ఎవరు ఎవరి మీద అలిగారో మనకి తెలుసు. వాషింగ్టన్ గురించి డిన్నర్ టేబుల్ దగ్గర గంటలు గంటలు మాట్లాడతాం. ఇంటిముందు రోడ్డు ఎవరిదంటే తెలియదు. అరోరా ఊరు ఒకటే అయినా నాలుగు కౌంటీల్లోకి పాకి ఉంది. కౌంటీ బోర్డు అంటే మన జిల్లా పరిషత్ లాంటిదనుకోండి. కొన్ని రోడ్లు సిటీవి, కొన్ని కౌంటీవి. ఆ రోడ్డు కౌంటీది. కౌంటీ రోడ్ల మీద నిర్ణయం తీసుకునేది మనం ఓట్లేసి, లేదా ఓటెయ్యడం మరిచిపోయి గెలిపించిన బోర్డు మెంబర్లు.

ఆ మెంబరు ఛాయాదేవి గారికి కొత్త మనిషేం కాదు. రెండేళ్లు వరసగా ఈవిడే స్వయంగా ఆమెకి శాలువా కప్పారు.

తెలుగు సంఘం ఉగాది సభకి ప్రతి ఏడూ ఆమెని ముఖ్య అతిథిగా పిలిచేవారు. పేరు డెనీస్ కోవాల్. అరవై దాటిన మనిషి, పొట్టిగా, ఎప్పుడూ పెద్ద చేతిసంచీతో ఉంటుంది. సంఘం అధ్యక్షుడు కృష్ణమోహన్ మైకు పట్టుకుని "గౌరవనీయులైన సెనేటర్ డెనీస్ గారు" అని పరిచయం చేశాడు. ఆమె నవ్వి, "నేను సెనేటర్‌ని కాను, కౌంటీ బోర్డు మెంబర్‌ని. రోడ్లు, మురుగుకాలవలు చూస్తుంటాను. ఏదైనా ఉంటే ఫోన్ చెయ్యండి" అని ఇంగ్లీషులో చెప్పింది. అప్పటికే చప్పట్లు మొదలయ్యాయి. శాలువా, జ్ఞాపిక, గ్రూప్ ఫోటో. తర్వాత పిల్లల కూచిపూడి.

భోజనాల దగ్గర ఆమె పక్కనే ఛాయాదేవి గారిని కూర్చోబెట్టారు. "మీరెక్కడ ఉంటారు?" అని ఆమె అడిగింది. ఈవిడ చెప్పారు. "ఆ రోడ్డు పక్కనా! ఎలా ఉంది అక్కడ?"

"అంతా బాగానే ఉంది" అన్నారు ఛాయాదేవి గారు. "కొంచెం పులిహోర వేసుకోండి."

తర్వాత ప్రమోద గారు ఫోన్‌లో తిట్టారు. "పక్కన కూసున్న మనిషిని అడగకపోతివి. రోడ్డు ఆమెదే అని నీకు తెల్వదా?"

"అప్పుడు తెలియదక్కా, తర్వాత ఫోటో కింద ఆమె పదవి చూశాక తెలిసింది. అయినా తెలిస్తే మాత్రం? భోజనానికి పిలిచిన మనిషిని పని అడుగుతామా?"

"పని చెయ్యనీకె గద ఆమె ఎన్నికైంది. బువ్వ తిననీకెనా?"

మన పద్ధతి అదే. పదవిలో ఉన్నవాళ్లు మనకి అతిథులు. అతిథికి శాలువా కప్పుతాం, తినిపిస్తాం, కారుదాకా వెళ్లి సాగనంపుతాం. అడగం.

ఆ వేసవి మొదట్లో ఒక మధ్యాహ్నం ప్రమోద గారు సర్వపిండి చేశారు. వేడి మీద తినకపోతే సర్వపిండి సర్వపిండి కాదని ఆవిడ వాదన. ఫాయిల్‌లో చుట్టి, చున్నీ నడుముకి కట్టుకుని, ఫోన్ చేశారు. "ఛాయా, బయటికి రా. వస్తున్న."

"ఎలా వస్తావు? ఎవరు తెస్తున్నారు?"

"నేనే వస్తున్న. కార్లు తక్కువున్నయ్."

"అక్కా, వద్దు! అక్కా!"

ఛాయాదేవి గారు గేటు దగ్గరికి వచ్చేసరికి ప్రమోద గారు రెండు వరసలు దాటేశారు. డివైడర్ ఎక్కారు. ఇవతలి రెండు వరసల్లో కార్లు ఆగలేదు. వెనక్కి చూస్తే అటువైపూ ఆగలేదు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, అడుగు వెడల్పు గట్టు మీద, ఫాయిల్ పొట్లం గుండెకి హత్తుకుని నిలబడిపోయారు. గాలికి చున్నీ అంచు ఎగురుతోంది. ఇద్దరి చెవులకీ ఫోన్లున్నాయి.

చివరికి ఎవరో కారు అడ్డంగా ఆపి, లైట్లు వేసి, చెయ్యి పట్టుకుని ఆవిడని దాటించారు. ఇవతలికి కాదు. వచ్చిన వైపుకే, ఇంటికే.

సంగతి ఆ సాయంత్రానికి రెడ్‌మండ్ చేరింది. మృదుల ఫోన్ చేసి ఏడ్చింది, కోప్పడింది, తర్వాత నెమ్మదిగా చెప్పింది. "ఆంటీ, అమ్మ అక్కడ ఒక్కతే ఉండేది మీరున్నారనే. మీ దగ్గరికి రావడానికి ప్రాణం మీదికి తెచ్చుకుంటుంటే నేనెలా ఊరుకోను? ఆగస్టు దాకా చూస్తాను. ఆ క్రాసింగ్ వేస్తామని ఎవరైనా మాటిస్తే సరే. లేకపోతే మంచు పడకముందే నా దగ్గరికి తీసుకొచ్చేస్తాను."

మృదులని తప్పుపట్టలేం.

ఛాయాదేవి గారు ముందు కృష్ణమోహన్‌కి చెప్పారు. అతను నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "ఆంటీ, అంత పెద్దావిణ్ణి పట్టుకుని రోడ్డు మీద గీతలు అడిగితే ఏం బాగుంటుంది? దీపావళికి పిలుద్దాం, అప్పుడు మెల్లిగా కదుపుదాం."

"దీపావళికి ప్రమోదక్క ఉండదు" అన్నారు ఆవిడ. ఇంటికొచ్చి కౌంటీ వెబ్‌సైట్‌లోని నంబరుకి తనే ఫోన్ చేశారు. ఎవరో సెక్రటరీ తీస్తుందనుకుని గొంతు సవరించుకున్నారు. డెనీసే తీసింది.

"మీరా! పులిహోర!" అంది. రెండు రోజులు తిరక్కుండా వచ్చింది. చేతిసంచీ అక్కడే గడ్డి మీద పడేసి, ఛాయాదేవి గారి పక్కన రోడ్డు అంచున నిలబడింది. అవతల ప్రమోద గారు చెయ్యి ఊపారు. ఛాయాదేవి గారు ఫోన్‌ని స్పీకర్‌లో పెట్టారు.

"ఆమెకు చెప్పు ఛాయా, నేను డివైడర్ మీద నిలబడితే బతుకమ్మ లెక్క అందరూ జూసుకుంట పోయిన్రని."

ఛాయాదేవి గారు ఆ మాట ఇంగ్లీషులో చెప్తే డెనీస్ నవ్వలేదు. "రోడ్డు వెడల్పు చేసే ముందు మా ఇంజినీర్లు లెక్క తీశారు. ఇక్కడ నడిచి దాటేవాళ్లు దాదాపు లేరని రిపోర్టు రాశారు" అంది.

"ఎప్పుడు తీశారు?"

"జనవరిలో అనుకుంటా."

ఛాయాదేవి గారిలో లాబ్ మనిషి లేచింది. "షికాగో జనవరిలో! శాంపిల్ తీయకుండానే నెగటివ్ అని రిపోర్టు ఇచ్చారన్నమాట. నా లాబ్‌లో అలా చేసినవాళ్లని సాయంత్రానికి ఇంటికి పంపేదాన్ని."

డెనీస్ తల ఊపింది. "ఆ మాటే వచ్చి చెప్పండి. రోడ్ల కమిటీలో నాది ఒక్క ఓటు. మిగతావాళ్లు ఈ రోడ్డు మీద కారులో పోవడమే గాని నిలబడలేదు. నేను చెబితే డెనీస్ తన వార్డు పని చేయించుకుంటోంది అనుకుంటారు. మీరు చెబితే వినక తప్పదు. నెలకోసారి కూర్చుంటాం. ఎవరైనా వచ్చి మూడు నిమిషాలు మాట్లాడొచ్చు."

మూడు నిమిషాలు. కృష్ణమోహన్‌కి ఈసారి ఉత్సాహం వచ్చింది. ఉపన్యాసం తనే రాసిచ్చాడు. నీరజ్ సెలవు పెట్టి కారు తీశాడు. ఆగస్టు మీటింగ్ పనిరోజున, పొద్దుటిపూట. గదిలో కుర్చీలు చాలా ఉన్నాయి, మనుషులు లేరు. ఉగాదికి హాలు పట్టనంత మంది వచ్చిన సంఘం నుంచి ఆ రోజు వచ్చింది కృష్ణమోహన్ ఒక్కడే.

ఛాయాదేవి గారు పట్టుచీర కట్టుకుని మైకు ముందు నిలబడ్డారు. కళ్లకి దగ్గరగా కాగితం పెట్టుకుని చదవడం మొదలుపెట్టారు. గౌరవనీయులైన కమిటీ ఛైర్మన్ గారికి నమస్కారం. వేదికను అలంకరించిన బోర్డు సభ్యులందరికీ పేరుపేరునా నమస్కారం. పేరుపేరునా అంటే నిజంగా పేరుపేరునా చదివారు. పోలిష్ పేర్లు, స్పానిష్ పేర్లు, ఒక్కొక్కటీ జాగ్రత్తగా పలికారు. తర్వాత ఈ దేశం తనకి ఇచ్చినదాన్ని గురించి కృతజ్ఞతలు. తర్వాత ఈ కౌంటీ పార్కుల అందం. తర్వాత తెలుగు సంఘం చేస్తున్న సేవలు. సభ్యులు ముచ్చటగా వింటున్నారు. ఒకాయన చిరునవ్వు నవ్వాడు.

"ఇక అసలు విషయానికి వస్తే" అనేసరికి గంట మోగింది.

"థాంక్యూ మేడమ్, మీ టైమ్ అయిపోయింది" అన్నాడు ఛైర్మన్, చాలా మర్యాదగా. సభ్యులు చప్పట్లు కూడా కొట్టారు. తర్వాతి మనిషి లేచి, "మా వీధిలో మురుగు పొంగుతోంది" అని కూర్చున్నాడు. వాళ్లు రాసుకున్నారు.

బయట హాల్లో డెనీస్ పరుగున వచ్చింది. "మీరు అందరినీ మెచ్చుకున్నారు. ఏమీ అడగలేదు! అడగనిది నేను ఎజెండాలో పెట్టలేను. వచ్చే నెల రండి. దయచేసి, నమస్కారాలు వద్దు."

ఛాయాదేవి గారు వెళ్లి కారెక్కారు. వెనక సీట్లో కృష్ణమోహన్, "సారీ ఆంటీ. మన సభల్లోలాగే రాశాను" అన్నాడు. ఆవిడ కిటికీలోంచి చూస్తూ, "నువ్వు రాస్తే మాత్రం నేను చదవాలా నాయనా" అన్నారు.

ఆగస్టు అయిపోయింది. మాట ఇచ్చినవాళ్లు లేరు. సెప్టెంబర్ మొదట్లో మృదుల వచ్చి సామాను సర్దింది. వెళ్లే రోజు ప్రమోద గారిని కారులో ఇవతలికి తీసుకొచ్చింది. ఇద్దరూ నీరజ్ ఇంటి సోఫాలో పక్కపక్కన కూర్చున్నారు. ప్రమోద గారు మోచెయ్యి పట్టుకునే ఉన్నారు. చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. టీ చల్లారిపోయింది.

"క్రాసింగ్ వేస్తే ఫోన్ చెయ్యి, వస్త" అన్నారు వెళ్లేటప్పుడు.

"రెడ్‌మండ్ నుంచా?"

"ఆఁ. దాటి చూసి పోత."

సెప్టెంబర్ మీటింగ్‌కి ఛాయాదేవి గారు నేత చీర కట్టుకుని వెళ్లారు. కాగితం లేదు. "నా పేరు ఛాయాదేవి. మా ఇంటి ముందు మీ రోడ్డుంది. మీరు తీసేసిన జీబ్రా క్రాసింగ్, లైటు మళ్లీ పెట్టండి. జనవరిలో కాదు, జూన్‌లో వచ్చి లెక్క తీయండి. అవతల ఒక మనిషి ఉండేది. మీ రోడ్డు దాటలేకే ఆవిడ ఊరు వదిలి వెళ్లింది." అంతే. ఇంకా రెండు నిమిషాలు మిగిలాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ రాసుకున్నారు. ఆ చలికాలంలోనే కమిటీ ఒప్పుకుంది. డెనీస్ ఓటే కాదు, అన్ని ఓట్లూ పడ్డాయి.

మరుసటి వేసవికి గీతలు వచ్చాయి. బటన్ నొక్కితే ఎర్రలైటు వెలిగి కార్లు ఆగుతాయి. డివైడర్‌ని కోసి దారి చేశారు. ఇప్పుడు ఛాయాదేవి గారు రోజూ సాయంత్రం బటన్ నొక్కుతారు. నాలుగు వరసల కార్లు ఆవిడ కోసం ఆగుతాయి. ఆవిడ తొందరపడకుండా దాటుతారు. ప్రమోద గారి ఇంట్లో ఇప్పుడెవరో కొత్త దంపతులు ఉంటున్నారు, మంచివాళ్లే, చెయ్యి ఊపుతారు. ఆవిడ చెరువు దాకా వెళ్లి వీడియో కాల్ చేస్తారు.

"అక్కా, చూడు. దాటాను."

"బాతులేవి?"

"ఇవిగో."

"ఇంకా అట్లనే ఉన్నయ్ దొంగమొకాలు." కొంచెంసేపు ఏమీ వినిపించదు. "ఛాయా, ఉన్నవా?"

"ఉన్నాను."

"మెట్టు వస్తది, చూసుకో."

ఇది చదువుతున్న మీకు ఒక విన్నపం. మీరు పిస్కాటవేలో ఉన్నా, డాలస్‌లో ఉన్నా, ఈ వారమే మీ కౌంటీ బోర్డు మెంబరు పేరు తెలుసుకోండి. కొన్నిచోట్ల కమిషనర్ అంటారు, సూపర్‌వైజర్ అంటారు, పేరేదైనా పని అదే. వాళ్ల మీటింగ్ ఎప్పుడో చూసి ఒక్కసారి వెళ్లండి. చాలాచోట్ల మాట్లాడడానికి ఓటు హక్కు ఉండనక్కర్లేదు. హెచ్-వన్ వీసా మీద ఉన్నా, నిన్న దిగినా, ఆ రోడ్డు మీద నడిచే మనిషి అయితే చాలు. మీ ఇంట్లో పెద్దవాళ్లని "ఎక్కడికి వెళ్లాలని ఉంది, ఎందుకు వెళ్లలేకపోతున్నావు?" అని అడిగి, ఆ జవాబే అక్కడ చెప్పండి. మొదటి వాక్యంలోనే అడగండి. పని అయ్యాక శాలువా కప్పొచ్చు.

వెళ్లేటప్పుడు పక్కింటివాళ్లని కూడా తీసుకెళ్లండి. అవతలి గట్టున మీ మనిషి ఇంకా నిలబడి ఉండగానే వెళ్లండి.